జవాబు ఎవరు చెప్పాలి?

పేరెంట్స్ మీటింగు ముగిసి అందరూ లేస్తున్నప్పుడు ఒక తల్లి గడప దాకా పోయి మళ్లీ వెనక్కి వచ్చింది. పత్తి ఏరుడు మధ్యలో వదిలి వచ్చిన మనిషి. కొంగుకు ఇంకా దూది పోగులు అంటుకునే ఉన్నాయి. "సారూ, పొద్దు మునిగితె సాలు, మావోడు గా సెల్లుల మునుగుతడు. గుంజుకుంటె అన్నం తినడు, ఇస్తె సదువు పోతది. ఎంతసేపు ఇయ్యాలె? గంటనా, రెండు గంటలా? ఒక లెక్క చెప్పున్రి, గా లెక్క ప్రకారమే ఇస్త" అన్నది.

దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఏ తరగతి లెక్క అడిగినా చెప్పగలననే ధీమా ఉండేది. ఈ లెక్క చెప్పలేకపోయాను. "జెర తగ్గించమ్మా" అని ఒక ఉత్త మాట అని పంపేశాను. ఆమెకు చెప్పాల్సిన జవాబు ఆ తర్వాత వెతుక్కుంటూ పోతే ఇంత పొడుగైంది.

చిన్న పిల్లలకైతే లెక్కలున్నాయి. ఏడాది లోపు పసివాళ్లకు తెర అసలే వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంట మించొద్దని, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. కానీ ఆమె కొడుకు తొమ్మిదో తరగతి. ఆ వయసుకు వచ్చేసరికి గంటల లెక్క పట్టు తప్పుతుంది.

మా నల్లగొండ జిల్లావాళ్లకు ఈ సంగతి నీళ్లతో చెబితే తొందరగా ఎక్కుతుంది. మర్రిగూడలోనో నాంపల్లిలోనో నిలబడి "బోరు నీళ్లు మంచివా, చెడ్డవా?" అని అడగండి. "ఏ బోరు?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. ఎంత లోతుది, ఎన్నేళ్లు తాగారు, తాగినప్పుడు వయసెంత అని అడుగుతారు. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఫ్లోరైడు పళ్లకు మేలే చేస్తుంది. ఒకటిన్నర దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్లు గార పడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగుతాయి. గ్లాసులో పోసి చూస్తే అన్ని నీళ్లూ ఒకటే. దెబ్బ మాత్రం ముందు ఎదిగే పిల్లలకే తగులుతుంది. "నెట్టు" అనేది కూడా "బోరు నీళ్లు" లాంటి మాటే. మంచిదా చెడ్డదా అని అడిగితే ఏ బోరో తేలనిదే చెప్పలేం.

ఆ అబ్బాయినే ఒకరోజు కూర్చోబెట్టి, నిన్న రాత్రి ఫోన్లో ఏమేం చేశావో వరసగా చెప్పమన్నాను. వాళ్ల నాయన డీసీఎం వ్యాను నడుపుతాడు. ఇంట్లో ఉన్నది ఆయన సెల్లొక్కటే. రాత్రి తొమ్మిదికి సెల్లు ఇంటికొస్తుంది. ముందు ఇంటర్ చదివే అక్క అరగంట ఏదో ఫిజిక్స్ వీడియో చూసింది. తర్వాత తమ్ముడు కార్ల గేమ్ ఆడాడు. పది దాటాక వీడి వంతు. క్లాసు గ్రూపులో హోమ్‌వర్క్ ఫొటో చూసి రాసుకున్నాడు. పూణెలో సెంట్రింగు పనికి పోయిన మేనమామ వీడియో కాల్ చేస్తే అందరూ మాట్లాడారు. నాయనమ్మకు బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే చదివి వినిపించాడు. న్యూటన్ మూడో నియమం వీడియో పెట్టాడు. పద్నాలుగు నిమిషాల వీడియోలో నాలుగో నిమిషానికి కింద ఏదో క్రికెట్ ముక్క కనిపించింది. అక్కణ్నుంచి షార్ట్స్. పన్నెండున్నరకు నాయన లేచి తిట్టేదాకా.

ఇందులో తల్లికి కనిపించింది ఒకటే: సెల్లు. నాకు పాఠం వీడియో, గేమ్, హోమ్‌వర్క్, వీడియో కాల్, మెసేజ్, షార్ట్స్ అని ఆరు వేర్వేరు పనులు కనిపించాయి. ఒక్కోటి పిల్లవాడి మెదడుతో ఒక్కో రకంగా వ్యవహరిస్తుంది.

సెల్లు బడి సంచిలోకి ఎట్లా దూరింది

ముందు ఒక పాత సంగతి చెప్పాలి, లేకపోతే తప్పంతా పిల్లల మీద పడుతుంది. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చి డేటాను దాదాపు ఉచితం చేసింది. అయినా ఆ తర్వాత మూడు నాలుగేళ్లు సెల్లు పెద్దవాళ్ల వస్తువుగానే ఉంది. పిల్లవాడు ముట్టుకుంటే వీపు మోగేది. 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరిలో, టీశాట్ చానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. పాఠం టీవీలో వచ్చినా హోమ్‌వర్క్ వాట్సాప్‌లో వచ్చేది. పిల్లలు వింటున్నారా లేదా అని మేమే రోజూ ఫోన్లు చేసి అడిగేవాళ్లం. "ఫోను కొనున్రి" అని నోటితో అనకపోయినా అన్నంత పని చేశాం. మేకను అమ్మి సెల్లు కొన్న ఇల్లు నాకు తెలుసు.

సరిగ్గా అప్పుడే మరో వైపు ఏం జరిగిందో చూడండి. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించారు. ఆ ఖాళీలోకి జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చింది. సెప్టెంబరులో యూట్యూబ్ తన షార్ట్స్‌ను ప్రపంచంలో అందరికన్నా ముందు ఇండియాలోనే పరీక్షకు పెట్టింది. అంటే సర్కారు బడి పిల్లల చేతికి పాఠం కోసం సెల్లు వచ్చిన నెలలోనే షార్ట్స్ కూడా వచ్చి కూర్చుంది. ఎవరూ కుట్ర పన్నలేదు, అట్లా కలిసొచ్చింది. కానీ మా పిల్లలకు సెల్లు, చదువు, షార్ట్స్ అనే మూడూ ఒకే పొట్లంలో అందాయి. విడదీసి చూపించేవాళ్లు పక్కన లేరు.

బడులు మూతపడ్డప్పుడు ఆ తల్లి కొడుకు మూడో తరగతి. ప్రైమరీ వాళ్లకు బడి మళ్లీ తెరిచింది 2021 సెప్టెంబరు 1న. వాడు బడి గడప మళ్లీ తొక్కేసరికి ఐదో తరగతి. గుణింతాలు గట్టిపడి, చదవడం నోటికి అలవాటయ్యే ఏడాదిన్నర బడి లేకుండానే పోయింది. ఈ బ్యాచి పిల్లలు తడబడుతూ చదివితే "సెల్లు చెడగొట్టింది" అంటాం. సగం నిజం. చదవడం గట్టిపడకముందే సెల్లు వచ్చింది కాబట్టి, అక్షరం అవసరం లేని భాగమే వాళ్లకు దగ్గరైంది. ఇప్పటికీ చాలామంది టైపు చెయ్యరు, మైకు నొక్కి అడుగుతారు. తెలుగులో అడిగితే పలుకుతుంది. తండాలో పుట్టిన పిల్లవాడు ఇంట్లో మాట్లాడే గోర్ బోలీలో అడిగితే తెల్లమొహం వేస్తుంది.

తెర అవతల ఎవరున్నారు

మేనమామ వీడియో కాల్ సంగతి తీసుకుందాం. పాలమూరు నుంచి వలస కొత్త కాదు. నారాయణపేట, కోస్గి, మక్తల్ వైపు నుంచి బొంబాయికి, పూణెకు బతుకపోయిన వాళ్ల పిల్లలు అవ్వల దగ్గర, తాతల దగ్గర పెరుగుతారు. దేవరకొండ తండాల్లోనూ అంతే. ఆ పిల్లలకు అమ్మ అంటే రాత్రి ఎనిమిదిన్నరకు తెర మీద వెలిగే ముఖం. దీన్ని కూడా "స్క్రీన్ టైం" లెక్కలో వేసి తగ్గించమంటే అంతకన్నా అన్యాయం లేదు.

ఇది నా జాలి మాట కాదు. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో ఏడాదిన్నర లోపు పసివాళ్లకు తెరలు వద్దని చెబుతూ ఒక్క వీడియో కాల్‌ను మాత్రం మినహాయించింది. ఎందుకంటే అవతలి మనిషి బదులిస్తుంది. బిడ్డ నవ్వితే నవ్వుతుంది, ఏడిస్తే "ఏమైంది నానీ" అంటుంది.

ఈ బదులివ్వడం ఎంత పెద్ద సంగతో 2003లో పట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు చూపించారు. తొమ్మిది నెలల అమెరికన్ పసిపిల్లల్లో కొందరికి చైనీస్ మాట్లాడే మనిషి ఎదురుగా కూర్చుని కథలు చెప్పి ఆడించింది. మరికొందరికి అవే మాటలు టీవీలో చూపించారు. మనిషి ఎదురుగా ఉన్న పిల్లలు పన్నెండు విడతల్లో చైనీస్ శబ్దాల తేడా పట్టేశారు. టీవీ చూసిన వాళ్లకు ఏమీ అంటలేదు. టీవీ మాట్లాడింది, కానీ వాళ్లతో మాట్లాడలేదు.

పసివాళ్ల సంగతి పెద్ద పిల్లలకు అచ్చుగుద్దినట్టు వర్తించదు. అయినా ఈ ప్రశ్న నాకు గట్టిగా పనికొచ్చింది: తెర ముందు పిల్లవాడు కూర్చున్నప్పుడు అడుగుతున్నది ఎవరు, జవాబు చెబుతున్నది ఎవరు? ఆ అబ్బాయి చెప్పిన ఆరు పనుల పక్కన ఈ ప్రశ్న పెట్టి చూశాక చిక్కుముడి వదులవడం మొదలైంది.

పెట్టెలు పంచితే చదువు వస్తుందా

ప్రభుత్వాలకు ఒక నమ్మకం ఉంటుంది: కంప్యూటరో ట్యాబో చేతిలో పెడితే మిగతాది పిల్లలే చూసుకుంటారని. పెరూ దేశం అట్లాగే పల్లె బడుల్లో పిల్లకొక లాప్‌టాప్ ఇచ్చింది. 319 బడులను ఎంచి, లాప్‌టాప్‌లు అందిన బడులను, అందని బడులను పోల్చి పదిహేను నెలల తర్వాత చూస్తే లెక్కల్లో, భాషలో తేడా కనిపించలేదు. 2012లో వచ్చిన ఫలితం ఇది. సంపన్న దేశాల సంస్థ ఓఈసీడీ కూడా 2015లో దాదాపు అదే చెప్పింది. బడుల్లో కంప్యూటర్లకు బాగా ఖర్చుపెట్టిన దేశాల పిల్లలు చదవడంలో, లెక్కల్లో, సైన్సులో చెప్పుకోదగ్గంత ముందుకు పోలేదు.

ఇక్కడితో ఆగితే "చూశారా, నెట్టు దండగ" అని తేల్చేయొచ్చు. కానీ ఢిల్లీలో ఇంకో కథ ఉంది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 619 మంది పిల్లలతో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించారు. ఆ పిల్లల్లో ఆరో తరగతివాళ్లు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. పుస్తకం ఆరో తరగతిది, పిల్లవాడు మూడు, నాలుగు తరగతుల మధ్య నిలబడి ఉన్నాడు. మా బడిలోనూ ఇదే బాధ. నేను పుస్తకం చెబితే వాడికి అందదు, వాడికి అందేది చెబితే సిలబస్ అవ్వదు. ఆ సాఫ్ట్‌వేర్ ముందు పిల్లవాడు ఎక్కడున్నాడో కనిపెట్టి, అక్కణ్నుంచి ప్రశ్నలు అడుగుతుంది. తప్పు చెబితే ఆ తప్పు ఎట్లాంటిదో చూసి తర్వాతి ప్రశ్న మారుస్తుంది. బడి అయ్యాక సెంటర్లో నలభై ఐదు నిమిషాలు దానితో, మరో నలభై ఐదు నిమిషాలు చిన్న గుంపుగా ఒక మనిషితో. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో రెండింటిలోనూ ఆ పిల్లలు మిగతావాళ్లకన్నా స్పష్టంగా ముందుకు పోయారు.

పెరూలోనూ తెరే, ఢిల్లీలోనూ తెరే. ఒకచోట ఊరికే పెట్టె ఇచ్చారు. రెండోచోట పెట్టె పిల్లవాణ్ని అడిగింది, వాడు చెప్పేదాకా ఊరుకుంది. పక్కన మనిషి కూడా ఉంది, దాన్ని మరవొద్దు.

మేం క్లాసులో ఎప్పటినుంచో చేసే ఒక పని వెనుక కూడా ఇదే ఉంది. పాఠం అయ్యాక పుస్తకాలు మూయించి అడగడం. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు పాఠ్యభాగాలిచ్చి, కొందరిని మళ్లీ మళ్లీ చదవమన్నారు. కొందరిని చూడకుండా గుర్తున్నంత రాయమన్నారు. ఐదు నిమిషాలకు పరీక్ష పెడితే చదివినవాళ్లు గెలిచారు. వారానికి పెడితే చూడకుండా రాసినవాళ్లు గెలిచారు. ఇంకో విశేషం, తమకు బాగా గుర్తుంటుందని ధీమాగా ఉన్నది ఓడిపోయినవాళ్లే. యూట్యూబ్‌లో పాఠం చూసినప్పుడు వచ్చేది సరిగ్గా ఆ ధీమానే. చెప్పేవాడు ధారగా చెబుతాడు, బొమ్మలు కదులుతాయి, "సమజైంది సార్" అంటాడు పిల్లవాడు. సమజైన మాట నిజమే. చెప్పేవాడికి సమజైంది.

మా బడిలో ఎఫ్ఏ (ఏడాది మధ్యలో పెట్టే చిన్న పరీక్షల) ప్రాజెక్టులు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. "మా ఊరి చెరువు" మీద రాయమంటే ఒకసారి పదకొండు మంది హుస్సేన్ సాగర్ గురించి రాసుకొచ్చారు, ఒకే అక్షరదోషంతో సహా. చెరువు బడి వెనకే ఉంది. పోయి చూస్తే పది నిమిషాల పని. ఇప్పుడు కాపీ కొట్టే పని కూడా లేకుండా చాట్‌జీపీటీ లాంటివి వచ్చాయి. టర్కీలో ఒక హైస్కూల్లో దాదాపు వెయ్యి మంది పిల్లలతో దీన్ని పరీక్షించారు. జీపీటీ-4ను యథాతథంగా చేతికిచ్చినప్పుడు సాధన లెక్కలు 48 శాతం మెరుగ్గా చేశారు. తర్వాత దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు దాని మొహమే చూడని పిల్లలకన్నా 17 శాతం తక్కువ వచ్చాయి. అదే యంత్రాన్ని జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మార్చి ఇస్తే ఆ నష్టం దాదాపు లేదు. సాధనలోనైతే 127 శాతం మెరుగు.

ఒకే యంత్రం. జవాబు తను చెప్పినప్పుడు పిల్లవాడి చదువును తిన్నది, పిల్లవాడితో చెప్పించినప్పుడు తినలేదు.

అడగని, వినని చోటు

ఇక షార్ట్స్. అక్కడ ప్రశ్న లేదు, జవాబు లేదు. వేలితో పైకి తోయడమే. స్కిన్నర్ అనే శాస్త్రవేత్త పావురాల మీద, ఎలుకల మీద చేసిన ప్రయోగాలు సైకాలజీ చదివిన ప్రతివాళ్లకూ తెలుసు. మీట నొక్కిన ప్రతిసారీ గింజ పడితే జంతువు కడుపు నిండాక ఆపుతుంది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా పడితే ఆపకుండా నొక్కుతూనే ఉంటుంది. పది వీడియోల్లో ఏదో ఒకటి భలే ఉంటుంది, ఏదో ముందు తెలియదు. దానికి తోడు పేజీ అడుగు అనేదే లేకుండా చేశారు. పాత పుస్తకంలో అధ్యాయం అయిపోయేది, రేడియోలో వార్తలు అయిపోయేవి, ఇక్కడ అయిపోవడం లేదు. "మావోడికి మనసు నిలకడ లేదు" అని తిట్టే ముందు, పన్నెండున్నరకు మనమూ ఎందుకు మేలుకుని ఉన్నామో ఒకసారి చూసుకోవాలి. నేనైతే చూసుకున్నాను, గర్వపడేదేమీ కనిపించలేదు.

దీనివల్ల పిల్లల మనసులు కుంగిపోతున్నాయా అన్నది పండితులు ఇంకా కొట్లాడుకుంటున్న విషయం. ఎమీ ఓర్బెన్, ఆండ్రూ ప్రిజిబిల్స్కీ అనే పరిశోధకులు 2019లో మూడున్నర లక్షలకు పైగా కౌమార వయసు పిల్లల సమాచారం జల్లించారు. పిల్లల మానసిక క్షేమంలో కనిపించే తేడాల్లో డిజిటల్ వాడకంతో ముడిపడినది మహా అయితే 0.4 శాతం అని తేల్చారు. ఆలుగడ్డలు తినడానికీ ఇంచుమించు అంతే సంబంధం కనిపించింది. దీన్ని పట్టుకుని భయమేమీ లేదనేవాళ్లున్నారు. నాకు అది తృప్తినివ్వలేదు. సగటు అనేది అమ్మతో మాట్లాడే పిల్లనూ, అర్ధరాత్రి ఎవరో బెదిరిస్తే వణికే పిల్లనూ కలిపి కూడుతుంది. నల్లగొండ నీళ్లన్నీ ఒక ట్యాంకులో పోసి కలిపి కొలిస్తే ఫ్లోరైడు తక్కువే తేలొచ్చు. మర్రిగూడలో కాళ్లు వంగిన మనిషికి ఆ కొలత ఏం చెబుతుంది?

నిద్ర విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. మొదటి పీరియడ్‌లో బల్ల మీద తల వాల్చే పిల్లలకు లోపమేమీ లేదు, నిద్ర లేదు. కళ్ల గురించి ఒక మంచి కబురుంది. చైనాలోని గ్వాంగ్‌జౌలో బడి టైంటేబుల్‌లో రోజూ నలభై నిమిషాలు ఆరుబయట పీరియడ్ కలిపితే, మూడేళ్లలో కొత్తగా దూరపు చూపు మందగించిన పిల్లలు 30.4 శాతమే, ఆ పీరియడ్ లేని బడుల్లో 39.5 శాతం. మా ఊళ్లలో ఆరుబయట అనేది టైంటేబుల్‌లో పెట్టాల్సిన అవసరం మొన్నటిదాకా లేదు. ఇప్పుడు సాయంత్రం వాడకట్టులో గోలీల చప్పుడు వినిపించక ఎన్నాళ్లయిందో లెక్కపెట్టుకుంటున్నాను.

ఆడపిల్ల చేతిలో అదే సెల్లు

పల్లె పిల్లల చదువు తీరు చూసే అసర్ సర్వే 2024లో దేశంలోని పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లలను అడిగింది. స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చినవాళ్లు 82.2 శాతం. వాళ్లలో గడిచిన వారంలో చదువు పనికి వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు 76 శాతం. ఈ అంకెలను పేపర్లన్నీ వేశాయి. అంతగా కనిపించనిది ఇంకోటుంది. వాడటం వచ్చిన మగపిల్లల్లో 36.2 శాతం మందికి సొంత ఫోను ఉంటే, ఆడపిల్లల్లో 26.9 శాతం మందికే ఉంది.

మగపిల్లవాడు రాత్రంతా షార్ట్స్ చూస్తే "పాడైపోతున్నాడు" అంటారు. ఆడపిల్ల చేతిలో సెల్లు కనిపిస్తే ఊరంతా మరో మాట అనుకుంటుంది. తెలియని నంబరు నుంచి ఒక మెసేజ్ వస్తే చాలు. ముందు సెల్లు పోతుంది, తర్వాత బడి పోతుంది, ఆ ఎండాకాలం పెళ్లి. తెలంగాణలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 23.5 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయిందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. అందుకే ఏ ఆడపిల్లయినా తనను ఎవరైనా ఫోన్లో వేధిస్తున్నారని ఇంట్లో చెప్పదు. చెబితే శిక్ష తనకే. ఈ భయమే వేధించేవాడికి పెట్టుబడి. ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టే పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, పిల్లల కోసం 1098 ఉంది, డబ్బు మోసాలకు 1930 ఉంది. నంబర్లు గోడ మీద రాశాం. కానీ "చెబితే నీ సెల్లు గుంజుకోను" అనే మాట ఇంట్లో ఎవరో ఒకరు ముందే అని పెట్టకపోతే గోడ మీది నంబరుకు ఎవరూ ఫోన్ చెయ్యరు.

ఇంటికి చదువరి పిల్లవాడే

చట్టాల సంగతి క్లుప్తంగా. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ల లోపు వాళ్లకు సోషల్ మీడియా ఖాతాలు ఆపింది. మన దగ్గర 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిది లోపు పిల్లల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. చదవడానికి బాగుంది. పాలమూరు ఉమ్మడి జిల్లాలో 2011 జనాభా లెక్కల నాటికి అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నిట్లో అట్టడుగు. అట్లాంటి ఇంట్లో అనుమతి మెసేజ్ వస్తే చదివేదెవరు, ఓకే నొక్కేదెవరు? ఆ పిల్లవాడే.

మొదట నేను దీన్ని అపాయంగానే చూశాను. పెద్దవాళ్ల ఓటీపీలన్నీ పిల్లల చేతిలోనే ఉంటాయి, ఒక్క తప్పు నొక్కుడుకు కూలి డబ్బు పోతుంది. అపాయం నిజమే. కానీ ఆ అబ్బాయి చెప్పిన ఆరు పనులు మళ్లీ చూసినప్పుడు ఒకటి తట్టింది. ఆ రాత్రి మొత్తంలో వాడు గట్టిగా పైకి చదివింది ఒక్కసారే, నాయనమ్మకు బ్యాంకు మెసేజ్ చదివినప్పుడు. ఆమె ఊరుకునే మనిషి కాదు. "ఎంత వడ్డది? ఎవ్వరేసిన్రు? మల్ల సదువు" అని అడిగి ఉంటుంది. తప్పు చదివితే కుదరదు, డబ్బు సంగతి కదా. నేను క్లాసులో చేయించలేనంత జాగ్రత్తగా వాడు చదివాడు.

సుగతా మిత్రా గురించి చాలామంది విని ఉంటారు. 1999లో ఢిల్లీ కాల్కాజీలో గోడకు కంతపెట్టి కంప్యూటర్ బిగించి పిల్లలకు వదిలేసిన మనిషి. ఆయన తమిళ పల్లె కలికుప్పంలో కూడా ఒక ప్రయోగం చేశారు. జీవసాంకేతిక పాఠాన్ని కంప్యూటర్‌లో పెట్టి, టీచరు లేకుండా పిల్లలకు వదిలేశారు. సున్నా నుంచి ముప్పై శాతం దాకా వచ్చారు. తర్వాత ఆ విషయం ఏమీ తెలియని ఒక అమ్మాయిని పక్కన ఉండమన్నారు. నేర్పొద్దు, నాయనమ్మలాగా వెనక నిలబడి "అబ్బో, అదేంది? ఎట్ల చేసినవ్?" అని అడుగుతూ ఉండాలి, అంతే. యాభై శాతానికి చేరారు. ఈ ప్రయోగాన్ని తప్పుపట్టినవాళ్లు ఉన్నారు. పిల్లలు కొద్దిమంది, కొలిచిన తీరు మీద అనుమానాలు. టీచర్లే అక్కర్లేదనే ఆయన ధోరణి నాకూ గిట్టదు, మా ఉద్యోగాల సంగతి పక్కన పెట్టినా. కానీ నాయనమ్మ మాట మాత్రం మా ఊళ్లకు కుట్టించినట్టు సరిపోయింది. ఇక్కడ అమ్మానాన్నలు బతుకపోయిన ఇంట్లో కూడా నాయనమ్మ ఉంటుంది.

మరుసటి మీటింగులో ఆ తల్లికి ఇంతా చెప్పలేదు. రెండే మాటలు చెప్పాను. రాత్రి పదిన్నర దాటితే సెల్లు నాయన తలగడ దగ్గర ఉండాలి, తమ్ముడికైనా అక్కకైనా అంతే. దాంతో వాడి వంతు తగ్గితే ఆదివారం పొద్దున ఇవ్వాలి, డీసీఎం ఇంటి ముందే ఉంటుంది కాబట్టి సెల్లూ ఉంటుంది. ఇక ఏం చూసినా, అది పాఠమైనా క్రికెటైనా, చూసినంక సెల్లు బోర్లా పెట్టి ఏం చూసిండో ఇంట్లో ఎవరికో ఒకరికి చెప్పాలి.

"నేను రెండో తరగతి దాంక సదివిన సారూ, వాడు చెప్తె నాకేం సమజైతది?"

"కాకుంటనే మంచిది. సమజయ్యేదాంక చెప్పమను."

ఆమెకు నమ్మకం కుదిరినట్టు కనిపించలేదు. గంటల లెక్క ఇస్తానేమో అనుకుని వచ్చింది పాపం.

ఆ తర్వాతి నెల ఆమె రాలేదు, పత్తి ఆఖరి ఏరుడు. నాయనమ్మ వచ్చింది. మార్కుల కాగితం మీద వేలిముద్ర వేసి, లేవబోతూ ఆగింది.

"సారూ, గోడను మనం నూకితె గోడ గూడ మనల్ని నూకుతదట గదా, మా పోరడు చెప్పిండు. నిజమేనా?"

నిజమేనన్నాను.

"మరి మనం యెన్కకు పడం గదా?"

"ఆ సంగతి వాణ్నే అడుగమ్మా" అన్నాను.